ఐదో మెట్టు మీద చిటికెన వేలు

ఐనవిల్లి దాటి కాలువ గట్టు మీదుగా పోతే వచ్చే ఊళ్ళో మాణిక్యాలరావు అనే హార్మోనిస్టు ఉండేవాడు. సన్నగా, కాస్త వంగినట్టు ఉంటాడు. ఎవరైనా పలకరిస్తే ముందు నవ్వేసి, ఆ తర్వాత ఎవరా అని ఆలోచించే రకం. నాటకాల వాళ్ళలో అతనికి మంచి పేరే ఉంది గానీ, ఆ పేరు పోస్టరు మీదికి ఎప్పుడూ ఎక్కలేదు. పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది అతని బావగారి పేరు. 'ఐదు శృతి బంగారరాజు' అని వేసేవారు. ఆయన ఇంటిపేరు ఏమిటో జనం మరిచిపోయి చాలా ఏళ్ళయింది.

పౌరాణిక నాటకాలు ఎరగని వాళ్ళకి ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. హార్మోనియం మీద తెల్లమెట్లని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. పాడేవాడు ఏ మెట్టుని 'సా' అనుకుని పాడితే అదే అతని శృతి. అంకె పెరిగిన కొద్దీ గొంతు పైకి లేవాలి. మామూలు మగవాడి గొంతు ఒకటి, రెండు దగ్గర ఆగిపోతుంది. గట్టివాళ్ళు నాలుగు దాకా వెళతారు. మైకులు లేని రోజుల్లో పద్యం నేర్చుకున్న బంగారరాజు గారు ఐదులో పాడేవారు. ఆయన పద్యం చివర రాగం తీస్తే పక్క ఊళ్ళో కుక్కలు మొరిగేవని అమలాపురం నుంచి రాజోలు దాకా చెప్పుకునేవారు. కుక్కల సంగతి ఏమోగానీ, వన్స్‌మోర్ అనిపించుకోకుండా ఆయన స్టేజీ దిగిన రోజు మాత్రం లేదు.

ఆయనకో అలవాటు ఉండేది. కిరీటం పెట్టుకుని తెర ముందుకొచ్చేటప్పుడు హార్మోనియం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఐదో మెట్టు మీద చిటికెన వేలు నొక్కి, ఆ వేలు కళ్ళకి అద్దుకునేవారు. జనం దానికీ చప్పట్లు కొట్టేవారు. దేవుడి పటం ముందు కూడా ఆయన అంత శ్రద్ధగా దండం పెట్టడం ఆయన భార్య లోవమ్మ ఎన్నడూ చూడలేదట. లోవమ్మ మాణిక్యాలరావుకి స్వయానా అక్క.

తొంభై ఆరు తుఫానుకి వాళ్ళ పెంకుటిల్లు సగం ఎగిరిపోయింది. కొబ్బరి చెట్లు ఎటు చూసినా తలలు తెగి పడి ఉన్నాయి. తడిబట్టల్లో రోజుల తరబడి ఉండడంతో బంగారరాజు గారికి జ్వరం పట్టుకుని ఊపిరితిత్తుల్లోకి దిగింది. నెలకి పైగా మంచం మీద ఉండి, ఎలాగో బతికారు. గొంతు మాత్రం బతకలేదు. ఇక మీదట పైకెత్తి పాడొద్దని, పాడితే ఉన్నది కూడా పోతుందని అమలాపురం డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆయన వినిపించుకుంటేగా! శివరాత్రికి ముక్తేశ్వరంలో కిరీటం పెట్టుకుని స్టేజీ ఎక్కేశారు. రెండో పద్యం చివర రాగం ఎత్తుకునేసరికి గొంతు నిలువునా చీలింది. ఎవరో కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయన కిరీటం తీసి చంకలో పెట్టుకుని, మిగతా నాటకం ఎలా జరిగిందో కూడా చూడకుండా నడిచి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత అన్నం మీదికి చెయ్యి వెళ్ళలేదు, నోట మాట లేదు. ఒకరోజు మధ్యాహ్నం లోవమ్మ తమ్ముడింటికి పరిగెత్తుకొచ్చింది.

"తమ్ముడూ, ఆయన కాలవ లాకుల దగ్గర నీళ్ళకేసి చూస్తా నిలబడుతున్నార్రా. నిన్నా అంతే, ఇవాళా అంతే. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. నువ్వేం చేస్తావో నాకు తెలీదు. ఆయన ఐదు ఆయనకిచ్చెయ్యి."

"గొంతుని నేనెక్కణ్ణుంచి తెస్తానక్కా?"

"హార్మోనియం పెట్టె నీ దగ్గరుందిగా!" అంది లోవమ్మ. ఆవిడకి శృతి గురించి ఏమీ తెలియదు. ఏడుస్తూ నోటికొచ్చింది అనేసింది. కానీ ఆ మాట మాణిక్యాలరావు మెదడులో ముల్లులా దిగబడిపోయింది.

వారం తిరక్కుండా అతను కాళ్ళతో తొక్కి వాయించే తన హార్మోనియాన్ని మడిచి బస్సు మీద వేసుకుని రాజమండ్రి వెళ్ళాడు. అక్కడ ముత్యాలు అని పెట్టెలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. హార్మోనియం లోపల ఒక్కో మెట్టుకి ఒక్కో ఇత్తడి రీడు ఉంటుంది. ఆ రీడుని మొదట్లో గీకితే స్వరం దిగుతుంది, కొసన గీకితే ఎక్కుతుంది. అన్ని రీడ్లనీ మొదట్లో గీకి, పెట్టె మొత్తాన్ని ఒక మెట్టు కిందికి దించమన్నాడు మాణిక్యాలరావు.

ముత్యాలు అతని మొహంలోకి చూశాడు. "ఐదు నొక్కితే నాలుగు పలకాలన్నమాట. ఎందుకండీ?"

"అవసరమండి."

"మంచి పెట్టె అండి. గీకిన ఇత్తడి మళ్ళీ రాదు. తర్వాత నన్ననకండి."

"అననండి. కానివ్వండి."

బావగారితో మాత్రం పెట్టె తుఫానులో తడిసిందనీ, బాగు చేయించి తెచ్చాననీ చెప్పాడు. చెప్పి, ఆయన ఇంటి అరుగు మీదే దాన్ని విప్పి కూర్చున్నాడు. ఆయన చాలాసేపు దాని వంక చూడలేదు. చివరికి అలవాటు కొద్దీ లేచొచ్చి ఐదో మెట్టు మీద చిటికెన వేలు నొక్కారు, కళ్ళకి అద్దుకున్నారు, పద్యం ఎత్తుకున్నారు. పద్యం మొత్తం వచ్చింది. రాగం కూడా వచ్చింది. ఆయన మధ్యలో ఆగి మాణిక్యాలరావుని గట్టిగా కౌగిలించుకుని వెక్కివెక్కి ఏడ్చారు.

"ఒరేయ్ మాణిక్యం, నా ఐదు నాకొచ్చేసిందిరా!"

ఆ రోజు మాణిక్యాలరావుకి తప్పు చేశానన్న ఆలోచన లేశమైనా రాలేదు. అతను కూడా ఏడ్చాడు. అది వట్టి సంతోషమే. పంచదార అద్ది మందు మింగించిన తల్లికి ఎంత పాపం అంటుతుందో తనకీ అంతే అనుకున్నాడు.

ఇక మూడేళ్ళు అలాగే గడిచిపోయాయి. ఆ పెట్టె తప్ప మరో పెట్టె స్టేజీ మీదికి రాకుండా మాణిక్యాలరావు కాపలా కాశాడు. తబలా వాళ్ళు ఎలాగూ పెట్టెకే శృతి చేసుకుంటారు కాబట్టి వాళ్ళతో పేచీ లేదు. తమాషా ఏమిటంటే, ఆ మూడేళ్ళూ ట్రూపులో అందరి గొంతులూ బాగుపడ్డాయి. రెండు మీద మూలిగేవాడు మూడులో పాడేస్తున్నానని మురిసిపోయాడు. నారద వేషం వేసే రామ్మూర్తి అయితే తేనె, మిరియాలు తాగడం వల్లే తనకి ఈ పై శృతి వచ్చిందని నలుగురికీ సలహాలు కూడా ఇచ్చేవాడు. పాతకాలం శ్రోతలు ఒకరిద్దరు మాత్రం "బంగారరాజు గారి గొంతుకి ఈమధ్య బరువొచ్చిందండి" అనేవారు. మాణిక్యాలరావు "ఆయ్, వయసు గదండీ" అని నవ్వేసేవాడు.

రెండువేల సంవత్సరం వేసవిలో వీరవెంకటరమణ వచ్చాడు. అల్లవరం వైపు వాడు. మస్కట్‌లో ఏదో పెద్ద హోటల్లో వంటవాడిగా చేస్తున్నాడు. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని బంగారరాజు గారి పద్యాలు విన్నాడట. ఆ హోటల్లో సాయంకాలం పూట ఒకతను పియానో వాయిస్తుంటే, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వినేవాడట. ఆ రెండింటినీ కలిపితే ఎలా ఉంటుందా అన్న పురుగు అతని బుర్రలో దూరింది.

"జనం మధ్యలో పాడాలండి, ఒక్క ఊపులో రికార్డు చేసెయ్యాలండి. స్టూడియోలో ముక్కలు ముక్కలుగా అతికించింది కాదండి. హార్మోనియం వద్దండి, అందరూ చేసేదేగా. వట్టి పియానో, మీ గొంతు. మస్కట్‌లో మనోళ్ళు ఎగబడి కొంటారండి," అన్నాడు.

బంగారరాజు గారి కళ్ళు వెలిగిపోయాయి. మాణిక్యాలరావుకి మాత్రం రాజమండ్రి గుర్తొచ్చింది. పియానోని గీకడానికి ముత్యాలు లేడు.

రాజోలు దగ్గర ఒక మిషను బడి హాల్లో తెల్లవాళ్ళు వదిలిపోయిన పియానో ఉంది. దాన్ని శృతి చెయ్యడానికి మద్రాసు నుంచి మనిషిని పిలిపించారు. వాయించడానికి ఆ బడిలో సంగీతం చెప్పే భవాని టీచరు ఒప్పుకుంది. కానీ ఆవిడ కాగితం చూడకుండా ఒక్క ముక్క వాయించలేదు. పద్యం ఆవిడ ఎన్నడూ వినలేదు. కాబట్టి మాణిక్యాలరావు హార్మోనియం మీద వాయించేదంతా సరిగమల్లో చెప్పాలి, ఆవిడ దాన్ని పియానో కాగితాల మీదికి ఎక్కించాలి.

ఆ పని మొదలుపెట్టాక తెలిసింది అందులో ఉన్న కష్టం. పద్యానికి తాళం ఉండదు. పాడేవాడి ఊపిరే లెక్క. భవాని పెన్సిలు పట్టుకుని, "మాస్టారండీ, ఈ 'పా' ఎన్ని లెక్కలు పట్టుకోమంటారు?" అని అడిగేది. "ఆయన వదిలేదాకానమ్మా," అనేవాడు. "అలాగైతే కాగితం మీద ఎలా రాస్తామండీ?" అని ఆవిడ నవ్వేది. చివరికి అలాంటి చోటల్లా కనుగుడ్డులాంటి ఒక గుర్తు పెట్టారు. గుర్తు వచ్చినప్పుడు ఆవిడ చేతులు ఆపి ఎదురు చూడాలి. పక్కన కూర్చుని పేజీలు తిప్పే మాణిక్యాలరావు బావగారి గొంతు ఎటు తిరుగుతుందో చూసి తల ఊపితే, అప్పుడు ముందుకి వెళ్ళాలి. ముప్పై ఏళ్ళుగా తన చేతులు వాటంతట అవే చేసిన పనిని ఇలా విడదీసి కాగితం మీద పరుస్తుంటే మాణిక్యాలరావుకి ముచ్చటేసింది కూడా. తను ఏం చేస్తున్నాడో తనకే మొదటిసారి కనిపించింది.

"ఇంతకీ ఏ శృతిలో రాయమంటారు?" అని భవాని మొదటిరోజే అడిగింది. అతను కొంచెం ఆలోచించి "నాలుగమ్మా" అన్నాడు. పియానో గొంతు వేరు, బావగారు పోల్చుకోలేరు, గండం గట్టెక్కుతుందని అతని ఆశ. పద్యాలన్నీ నాలుగులోనే తయారయ్యాయి.

రికార్డింగుకి కొద్ది రోజుల ముందు, చెప్పా పెట్టకుండా బంగారరాజు గారు బడికి వచ్చేశారు. తెల్ల పంచె, భుజం మీద కండువా. పియానో చుట్టూ ఒకసారి తిరిగి, "ఇందులో ఒకటి ఎక్కడమ్మా?" అని అడిగారు. భవాని చూపించింది. ఆయన అక్కణ్ణుంచి తెల్లమెట్లు లెక్కపెట్టుకుని, ఐదోదాని మీద చిటికెన వేలు నొక్కి, కళ్ళకి అద్దుకున్నారు. "కానీ, వాయించు తల్లీ," అన్నారు. ఆవిడ కాగితం చూసి మొదలుపెట్టింది. ఆయన వినలేదు, ఆవిడ బొటనవేలు ఎక్కడ పడిందో చూశారు.

"ఆగమ్మా ఆగు. నాలుగులో వాయిస్తన్నావేంటి? నేను ఐదు గదా!"

భవాని మాణిక్యాలరావు వైపు తిరిగింది. చెప్పేస్తే అప్పుడే చెప్పెయ్యాలి. ఎదురుగా భవాని, పియానో శృతి చేసే మద్రాసు మనిషి, గుమ్మంలో వీరవెంకటరమణ. అంత మంది ముందు ఆయన్ని ఎలా చంపుకుంటాడు?

"నాదే పొరపాటండి బావగారూ. చూసుకోకుండా నాలుగులో చెప్పేసేను. మార్చేస్తానండి."

"నువ్వు కూడా పొరపాటు పడతావురా?" అని ఆయన పెద్దగా నవ్వి, వీపు మీద ఒకటి చరిచి వెళ్ళిపోయారు. ఒకసారి పాడి చూసుకోండని భవాని అడిగితే, "నాకు రిహార్సలేంటమ్మా? పెళ్ళికి ముందు తాళి కట్టి చూసుకుంటారా ఎవరైనా?" అన్నారు.

మళ్ళీ మొదటి నుంచీ అన్ని కాగితాలూ ఐదులో రాశారు. "అసలు ఏది రైటండి మాస్టారూ?" అని భవాని అడిగితే, "ఆయన ఏదంటే అదేనమ్మా," అన్నాడు మాణిక్యాలరావు. పాత కాగితాలు చింపేద్దామని పట్టుకుని, చింపలేక మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మద్రాసు మనిషిని పక్కకి పిలిచి, పియానోని ఒక మెట్టు దించడం కుదురుతుందా అని అడిగాడు. అతను, ఈ పాత తీగల్ని అంత దించితే మూలుగుతాయి తప్ప పలకవనీ, బడివాళ్ళు ఒప్పుకోరనీ చెప్పాడు.

రికార్డింగు నాటి పొద్దున్నే మాణిక్యాలరావు గుండె చిక్కబట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. ఏదైతే అదే అయింది, చెప్పేద్దామనే వెళ్ళాడు. బంగారరాజు గారు అరుగు మీద అదే హార్మోనియం ముందేసుకుని, ఒంటిచేత్తో ఐదు నొక్కి పాడుకుంటున్నారు. గొంతు హాయిగా పలుకుతోంది. లోపలి నుంచి లోవమ్మ వచ్చి తమ్ముడి మొహం చూసి, ఏం చెప్పడానికి వచ్చాడో అర్థం చేసుకుంది. కళ్ళతోనే వద్దంది.

"రారా మాణిక్యం," అన్నారాయన. "ఇన్నేళ్ళు పాడేనా, ఒక్కడంటే ఒక్కడు నా గొంతు పట్టుకోలేదురా. వయసులో ఉన్నప్పుడు పట్టుకోవాల్సింది. సరేలే, ఇప్పుడైనా నా ఐదు ఒక క్యాసెట్టులో మిగులుతుంది. నేను పోయేక మీ అక్క వేసుకుని వింటాది."

మాణిక్యాలరావు అరుగు మీద కూర్చున్నాడు. చెప్పలేకపోయాడు. లేచొచ్చేశాడు.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. రికార్డింగులో చప్పుడు పడుతుందని ఫ్యాన్లు ఆపేశారు. మే నెల ఉక్క, జనం చెమటలు కక్కుతూ కూడా నోరెత్తకుండా కూర్చున్నారు. బంగారరాజు గారు వచ్చి ఐదో మెట్టు మీద చిటికెన వేలు నొక్కి, కళ్ళకి అద్దుకున్నారు. చప్పట్లు మోగాయి. భవాని వాయించింది. కనుగుడ్డు గుర్తు దగ్గర ఆగింది. మాణిక్యాలరావు తల ఊపాడు.

మొదటి పాదం ఎలాగో గట్టెక్కింది. రెండో పాదం పైకి లేచేసరికి ఆయన మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. మొహంలో ఆశ్చర్యం కనిపించింది. రోజూ నడిచే దారిలో గొయ్యి తగిలినట్టు తూలారు. గొంతు చీలింది. ఆయన చెయ్యెత్తి ఆపించి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టారు. అదే చోట మళ్ళీ చీలింది, ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు. హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆయన పియానో దగ్గరికి వచ్చి ఐదో మెట్టుని మళ్ళీ నొక్కారు. మళ్ళీ నొక్కారు. ఈసారి కళ్ళకి అద్దుకోలేదు, చెవి ఒగ్గి విన్నారు. పొద్దున్న అరుగు మీద విన్న ఐదు ఇంకా ఆయన చెవిలోనే ఉంది. నెమ్మదిగా తలెత్తి, పేజీ పట్టుకుని కూర్చున్న మాణిక్యాలరావు వైపు చూశారు.

"మాణిక్యం. నా శృతి ఎంతరా?"

మైకు ఆయన మెడ దగ్గరే ఉంది. ఆ మాట హాలంతా వినబడింది. టేపు తిరుగుతూనే ఉంది. ఐదేనండీ, ఇవాళ మీకు ఒంట్లో బాగోలేదంతే అనే అబద్ధం మాణిక్యాలరావు నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాటంటే ఆయన నమ్ముతారు. నమ్మి, మూడోసారి ఐదులోనే ఎత్తుకుంటారు. డాక్టరు చెప్పినట్టు ఉన్నది కూడా ఇక్కడే పోతుంది.

"నాలుగండి బావగారూ."

"ఎప్పట్నుంచి?"

"తుఫాను కాణ్ణుంచండి. పెట్టె నేనే దింపించేనండి."

ఎక్కడో వెనక వరసలో కుర్చీ ఒకటి కిర్రుమంది. బంగారరాజు గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. అరవలేదు, తిట్టలేదు. "అయితే నాలుగులోనే ఇప్పించు," అన్నారు.

మాణిక్యాలరావు సంచిలోంచి పాత కాగితాలు తీసి భవాని ముందు పెట్టాడు. ఆవిడ వాయించింది. ఆయన అనుకున్న పద్యాలన్నీ నాలుగులో, ఒక్క తప్పు లేకుండా పాడారు. చివర్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, వన్స్‌మోర్ అని కూడా అరిచారు. జీవితమంతా చప్పట్లు తిని బతికిన మనిషికి ఏవి నచ్చి కొట్టినవో, ఏవి జాలిపడి కొట్టినవో తెలియకుండా ఉంటుందా? ఆయన వన్స్‌మోర్ పాడలేదు. చేతులు జోడించి దిగిపోయారు. ఆయన జీవితంలో వన్స్‌మోర్ అన్నాక పాడకుండా దిగడం అదొక్కసారే.

తిరిగొచ్చేటప్పుడు జీపులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. గన్నవరం అక్విడక్టు వంతెన దాటుతుండగా ఆయన అడిగారు.

"ఈ మూడేళ్ళూ కొట్టిన చప్పట్లు ఎవరివిరా? నావా, నీ పెట్టెవా?"

"మీవేనండి," అన్నాడు మాణిక్యాలరావు.

ఇంటికి వెళ్ళాక లోవమ్మ అంతా తన మీద వేసుకుంది. "నేనే అడిగేనండి వాణ్ణి. మిమ్మల్ని లాకుల దగ్గర చూసి భయపడి అడిగేనండి," అని కాళ్ళ మీద పడింది. ఆయన ఆవిణ్ణి లేవదీసి, అన్నం పెట్టమన్నారు. తిన్నారు. మర్నాడు కిరీటం ట్రూపు వాళ్ళకి పంపించేశారు. మళ్ళీ పాడలేదు. స్నానం చేస్తూ కూనిరాగం తీసిన పాపాన కూడా పోలేదు.

మాణిక్యాలరావుతో మాటలు మానేసి ఉంటే అతనికి అంత బాధ ఉండేది కాదు. అతను వెళితే ఆయన లేచి కుర్చీ చూపించేవారు. "రండి మాణిక్యాలరావు గారూ, కూర్చోండి. కాఫీ తీసుకుంటారా?" అనేవారు. ఒరేయ్ అనే నోటితో అలా అనేసరికి మాణిక్యాలరావు కాఫీ సగంలోనే వదిలేసి లేచొచ్చేవాడు. తిట్టండి బావగారూ అని ఒకరోజు బతిమాలాడు కూడా. "పెద్దవారు, మిమ్మల్ని నేను తిట్టడమేంటండీ," అన్నారాయన.

ఆ కథ కోనసీమంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. తేనె, మిరియాల రామ్మూర్తి అందరికంటే ఎక్కువ గింజుకున్నాడు. "ఆ మాణిక్యాలరావు పెట్టె మీద పాడితే మన గొంతేదో మనకే తెలీదండి," అని ఊరూరా చెప్పాడు. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే దరిద్రం. హార్మోనిస్టుకి చేతివేళ్ళు పోయినా జనం జాలిపడతారు గానీ శృతి మీద నమ్మకం పోతే ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. మాణిక్యాలరావు పెట్టెని మళ్ళీ రాజమండ్రి తీసుకెళ్ళి, రీడ్లని కొసన గీకించి, మామూలు శృతికి ఎక్కించాడు. ముందే పలచబడిన ఇత్తడి కాబట్టి చాలా రీడ్లు చేతిలోనే విరిగిపోయాయి. వాటి బదులు కొత్తవి వేశాడు ముత్యాలు. పాతవీ కొత్తవీ కలిసి అది ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడుతున్నట్టు పలికేది. ఇప్పుడు శృతి సరిగ్గానే ఉందని చెప్పినా వినేవాళ్ళు లేరు. ఈలోగా ట్రూపుల్లోకి కరెంటు కీబోర్డులు వచ్చేశాయి. అతనికి ధనుర్మాసం భజనలు మిగిలాయి.

వీరవెంకటరమణ మస్కట్ నుంచి ఒక క్యాసెట్టు పంపించాడు. గొంతు చీలిన పద్యం, ఆ ప్రశ్న, ఆ జవాబు తీసేయించి, మిగతావి ఉంచాడు. అట్ట మాత్రం ముందే అచ్చువేయించేశాడు. దాని మీద 'ఐదు శృతి బంగారరాజు' అని బంగారు రంగు అక్షరాల్లో ఉంది. లోవమ్మ దాన్ని బీరువాలో చీరల కింద పెట్టేసింది. ఎన్నడూ వెయ్యలేదు.

రెండువేల నాలుగు వానాకాలంలో బంగారరాజు గారికి ఊపిరితిత్తుల జబ్బు తిరగబెట్టింది. ఇక లేవరని తెలిసిపోయింది. ఒకరోజు లోవమ్మ చేత మాణిక్యాలరావుకి కబురు పెట్టించారు, పెట్టె తీసుకుని రమ్మని. మాణిక్యాలరావు కాలవ గట్టు మీద బురదలో జారుతూ, పెట్టెని రిక్షాలో వేసుకుని వచ్చాడు. ఈ మనిషి ఇన్నాళ్ళకి తనని క్షమించాడనుకున్నాడు. దారి పొడుగునా ఆ ఆనందంలో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

మంచం పక్కన పెట్టె దింపాడు.

"ఇప్పుడు అసలు శృతిలోనే ఉందాండీ?" అని అడిగారు బంగారరాజు గారు.

"ఆయ్, ఉందండి. అక్క మీద ఒట్టు."

"ఐదు నొక్కండి."

మాణిక్యాలరావు తిత్తి తొక్కుతూ ఐదో మెట్టు నొక్కి పట్టుకున్నాడు. గదంతా ఆ స్వరం నిండింది. బంగారరాజు గారు కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. పెదాలు కదిలాయి గానీ పాడలేదు.

"ఇంత ఎత్తా?"

"ఆయ్."

"నేను దీంట్లో పాడేవాణ్ణా?"

"పాడేవారండి. తుఫాను ముందు దాకా దీంట్లోనే పాడేవారు బావగారూ. కొత్తపేటలో మైకు పోతే మీ గొంతు చివరి వరస దాకా వెళ్ళలేదేంటండీ! ముప్పై ఏళ్ళు నిజంగా ఐదేనండి. దాంట్లో నేను చేసిందేం లేదండి."

"మీ పెట్టె అప్పుడు మాత్రం సరిగ్గా ఉందని నమ్మకం ఏంటండి?"

మాణిక్యాలరావు అక్క వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ లోవమ్మ, "నేను విన్నానండి. నిజమేనండి," అంది. ఆవిడకి శృతి తెలియదని ఆయనకి తెలుసు.

మాణిక్యాలరావు మెట్టు మీద నుంచి వేలు తియ్యలేదు. ఆయన చిటికెన వేలు దానికి అందేలా పెట్టెని మంచానికి ఇంకా దగ్గరగా జరిపాడు. ఒక్కసారి నొక్కి కళ్ళకి అద్దుకుంటే చాలనుకున్నాడు. బంగారరాజు గారు చెయ్యి దుప్పట్లోకి తీసుకున్నారు.

"మీరు అలాగే అంటారు లెండి," అని గోడ వైపు తిరిగారు.